చుక్క కారు కన్నము

ఒక వస్తువు దాని కాలము తీరకముందే చెడిపోయినయెడల మనము మొదట దేనిని వెదకుదుము? తప్పు చేసినవానిని వెదకుదుము. మన ఇల్లు తప్ప ఊరంతయు వెదకుదుము. ఈ సంగతి నాకు ఒక పాత కారులోని నీళ్ల పంపు వలన తెలిసినది.

మూలపేట సంతబొమ్మాళి మండలములోని సముద్రతీర గ్రామము. 2023 ఏప్రిల్ 19వ తేదీన అక్కడ ఓడరేవు పనులకు శంకుస్థాపన జరిగిన సంగతి మీరెరుగుదురు. ఆ ప్రాంతమున నేను బడిపంతులుగా నున్నప్పుడు మా మేనమామ వాడిన స్టాండర్డ్ హెరాల్డ్ కారు నా వంతుకు వచ్చెను. అది 1961 మొదలుకొని మద్రాసులో తయారైన బండి. ఇంగ్లండులో ఈ హెరాల్డు చట్రమునే కురుచచేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్స్ కారును చేసిరి. కనుక నా బండి స్పోర్ట్స్ కారుకు అన్న వంటిదని నేను అతిశయపడుచుండెడివాడను.

ఇంజను వేడి తగ్గించుటకు దాని చుట్టును నీరు తిరుగవలెను. ఆ నీటిని త్రిప్పునది పంపు. పంపు ఇరుసునకు ఒక ప్రక్క నీరు, మరియొక ప్రక్క గ్రీజుతో నిండిన బేరింగు, రెంటి మధ్య ఒక సీలు ఉండును. సీలు అరిగినప్పుడు నీరు బేరింగులో చొరక బయటికి కారిపోవుటకై పంపు అడుగున చిన్న కన్నము విడిచియుందురు. ఆ కన్నము లోపము కాదు, అది హెచ్చరిక.

నేను టెక్కలిలో క్రొత్త పంపు కొని వేయించితిని. నాలుగు నెలలకే చుక్కలు కారసాగెను. వెంటనే దుకాణమునకు పోయి, నాకు పంపు అమ్మిన కుఱ్ఱవానిని పదిమంది యెదుట “నకిలీ సామాను అంటగట్టి నా డబ్బు తిన్నావు” అని నిందించితిని. అతడు “ఒకసారి బండి చూపించండి మాస్టారూ” అనెను. నేను వినలేదు. యజమాని తన దుకాణము పేరు కాపాడుకొనుటకు నాకు వేరొక పంపు ఇచ్చి, ఆ కుఱ్ఱవానిని పనిలోనుండి తీసివేసెను.

రెండవ పంపు మూడు నెలలకు కారెను. ఈసారి ఎవరినడుగుటకును ముఖము చెల్లలేదు. గట్టిపడు ముద్ద తెచ్చి ఆ కన్నమును మూసివేసితిని. చుక్క ఆగెను; నా మనస్సు కూడ నిమ్మళించెను. రెండు వారముల తరువాత నౌపడ ఉప్పు మడులు దాటి వచ్చుచుండగా పంపు గరగరలాడెను, బెల్టు ఊడిపోయెను, ఆవిరి లేచెను. ఇంజను హెడ్డు వంకరపోయెను.

బండి విప్పిన ముసలి మేస్త్రి నా వైపు చూచి, “ఈ కన్నం ఎవరు మూసినారు మాస్టారూ?” అనెను. నేను పలుకలేదు. అతడు రేడియేటరు నుండి చారెడు తుప్పు బురద తీసి, “ఏ నీళ్లు పోస్తున్నారు?” అని అడిగెను.

“మా నూతి నీళ్లే.”

“సముద్రం ఒడ్డు నుయ్యి. ఆ ఉప్పు ఇనుమును తినేసింది. ఆ తుప్పే ఇసకలా తిరిగి సీలును అరగదీసింది. కూలెంటు పోయలేదా?”

“మనకు మంచు గడ్డకట్టదు గదా!”

“అది మంచుకొక్కదానికే కాదు, తుప్పు పట్టకుండా కూడా. ఈ బెల్టు చూడండి, ఇంతలా బిగిస్తే బేరింగు బతుకుతాదా?”

అదే బెల్టు డైనమోను కూడ త్రిప్పును. అది జారి కీచుమనుచున్నదని నేనే బిగించితిని. కన్నము మూసినందున నీరు బేరింగులోనికి పోయి గ్రీజును కడిగివేసెను. ఎన్ని పంపులు మార్చినను గతి ఇంతే.

నా తప్పులు మూడు. అయితే వాటి బరువు ఒకటి కాదు. నీటి సంగతి తెలియకపోవుట అజ్ఞానము. నష్టము కలిగినను అది క్షమింపదగినది. కుఱ్ఱవానిని నిందించుట తొందరపాటు. బజారులో నకిలీ సామాను లేదని కాదు. అనుమానించి అడుగుట న్యాయమే. విచారింపకయే తీర్పు తీర్చుట అన్యాయము. కన్నము మూయుట మాత్రము తెలిసి చేసిన పని. అక్కడ నాకు బండి బాగుపడుట అక్కరలేదు, చుక్క కనబడకపోతే చాలు.

నేను దుకాణమునకు పోయి, ఉన్నవారందరి యెదుట నా తప్పు ఒప్పుకొంటిని. కుఱ్ఱవాడు అప్పటికే పనికై వలసపోయియుండెను. ఫోను చేసి క్షమాపణ అడిగితిని. “పరవాలేదు మాస్టారూ” అనెను. కొంచెమాగి, “ఇప్పుడు బండి బాగుందా?” అని అడిగెను. నా నోట మాట రాలేదు.

ఇప్పుడు రేడియేటరు శుభ్రముగా కడిగించి, శుద్ధజలమును కూలెంటును సమముగా కలిపి పోయుచున్నాను. బెల్టును బొటనవ్రేలితో నొక్కి, కొంచెము వదులున్నదో లేదో చూతును. శనివారము శనివారము బండి చల్లగా నున్నప్పుడు ఆ కన్నము క్రింద వ్రేలు పెట్టి తడి యున్నదేమో చూతును. మూడవ పంపు ఆరవ యేడు నడుచుచున్నది. ఆ కుఱ్ఱవాడు మాత్రము టెక్కలికి తిరిగి రాలేదు.

సహోదరులారా, మన యిండ్లలోను ఇట్టి చుక్కలు కారుచుండును. భోజనమువేళ ఇల్లాలు మాటలాడక ఊరకుండుట, బిడ్డ తండ్రితో పలికిన సగము మాట, సంఘపు లెక్కలలో సరిపడని పది రూపాయలు — ఇవి చిన్నవే. వాటిని చూచి చిరాకుపడి మూసివేయుట సులభము. ఈ రాత్రి పండుకొనకముందు అట్టి చుక్క ఒక్కటి జ్ఞప్తికి తెచ్చుకొని, అది ఎక్కడనుండి కారుచున్నదో వెదకుడి. మొదట మీ నూతిని చూచుకొని, అటుపిమ్మట దుకాణమునకు పొండి. పంపు మార్చుటకు నాకు ఒక పూట పట్టినది. పదిమందిలో అన్న ఆ మాటను మరల్చుకొనుటకు ఇన్ని యేండ్లును చాలలేదు.