కయాధువునకు నారదుడిచ్చిన అభయము

ప్రహ్లాదుడు తల్లి గర్భమునందుండగనే భగవత్తత్త్వమును వినెనను కథ వైష్ణవ గృహములలో పసిపిల్లలకు సైతము తెలిసినదే. బిడ్డ విన్నదానిని అందరును చెప్పుదురు. ఆ సమయమున తల్లి యేస్థితిలో నుండెనో తలచువారు తక్కువ.

హిరణ్యకశిపుడు మందరగిరికి తపస్సునకేగినప్పుడు దేవతలు దండెత్తిరి. దానవులు ఆలుబిడ్డలను విడిచి పరుగిడిరి. గర్భవతియైన కయాధువును ఇంద్రుడు బలిమిని గొనిపోవుచుండగా ఆమె కురరీపక్షివలె విలపించెను. పోతన భాగవతమున ఈమె పేరు లీలావతి. దారిలో నారదుడెదురై ఆమెను విడిపించి, భర్త తిరిగి వచ్చువరకు తన ఆశ్రమముననే యుండుమని ఓదార్చెను. ఆమె అచ్చట 'అకుతోభయ'యై, అనగా ఏ దిక్కునుండియు భయము లేనిదై, వసించెనని వ్యాసభాగవతము చెప్పుచున్నది. ధర్మజ్ఞానోపదేశము ఆ పిమ్మటి మాట. ముందు అభయము, తరువాత ఉపదేశము. ఈ వరుస గమనింపదగినది. వెఱచియున్న హృదయమునకు వేదాంతమైనను ఎక్కదు గదా!

ఇంగ్లండు దేశపు వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లో సహజప్రసవమును గూర్చి గ్రంథము వ్రాసి, ఇట్టి విషయమునే తన శాస్త్రరీతిని చెప్పెను. భయముచే దేహము బిగుసుకొనును. బిగువుచే నొప్పి హెచ్చును. నొప్పి మరల భయమును పెంచును. 1950 దశకమున పారిస్ నగరమున లమాజ్ అను వైద్యుడు శ్వాసనియమమును, అవయవములను సడలించుటను కాన్పునకు ముందే అభ్యసింపజేయు పద్ధతిని వ్యాప్తికి దెచ్చెను. నేడు మన పట్టణములలో దంపతులు నేర్చుకొనుచున్నది అదియే. ఇది పరదేశపు విద్యయని పెద్దలు కొందరు ముఖము చిట్లింతురు. చరకసంహిత శారీరస్థానమును చదివినవారు అట్లు చేయరు.

గర్భిణిని అంచులవరకు నూనె నిండిన పాత్రవలె, తొణకనీయక, చూచుకొనవలెనని చరకుడు చెప్పెను. సూతికాగృహమున నుండవలసిన స్త్రీలెట్టివారో కూడ చెప్పెను: పలుమార్లు కనినవారు, స్నేహశీలురు, విషాదమెఱుగనివారు, ఓర్పు గలవారు. నొప్పి రానిదే ముక్కవలదని వారు ఆమెకు బోధింపవలెను. తుమ్మును వేళ కాకముందు బలవంతముగా రప్పింపజాలనట్లే, కాలము రాకముందు చేసిన ప్రయత్నము వ్యర్థమగునని ఆయన హెచ్చరిక. నొప్పులు పడుచున్న స్త్రీచేత రోకటితో ధాన్యము దంచింపవలెనని కొందరనగా, ఆత్రేయుడు దానిని త్రోసిపుచ్చి, నడచుటకును ఆవులించుటకును మాత్రమే సమ్మతించెను. ఆవులింతతో దవడ, మెడ, భుజములు వదులగుట అందరికిని అనుభవమే.

మన యిండ్లలో జరుగుచున్నదేమి? చూడవచ్చిన ప్రతి ముత్తైదువయు తాను పడిన కష్టమునో, ఎవరో గండము గడచి బయటపడిన వైనమునో కన్నులకు గట్టినట్లు వర్ణించును. ప్రేమతోనే చెప్పును, సందేహము లేదు. విన్న పిల్లకు ఆ రాత్రి నిద్రపట్టదు. నూనెపాత్రను తొణికించుట యనగా ఇదియే.

ఇక భర్త మాట. గర్భిణీపతి క్షౌరము చేయించుకొనరాదనియు, దూరయాత్ర చేయరాదనియు నియమములు కలవు. తిరుమలలో తలనీలాలిచ్చుట సైతము ఇందుచే వాయిదా వేయువారు కలరు. కాన్పు పుట్టింట జరుగుట ఆచారమగుటచే, యాత్ర మానిన భర్త కూడ ఆ వేళకు దగ్గర నుండడు! ఆపస్తంబ గృహ్యసూత్రమున క్షిప్రప్రసవమునకై యొక కర్మ విధింపబడినది. మునుపు వాడని మూకుటితో, ప్రవాహము పారు దిక్కుగనే నీటిని ముంచి తెచ్చి, తూర్యంతి యను ఓషధిని భార్య పాదములకడ నుంచి, ఆమె శిరస్సును స్పృశించి, ఆ నీటిని చల్లవలెను. నీటిని ఎదురుగా ముంచరాదు, వాలుగనే ముంచవలెను. చేయవలసినవాడు భర్త. అతడు పెరటిలో పచార్లు చేయుచు కబురుకై ఎదురుచూడవలెనని సూత్రకారుడు చెప్పలేదు.

నేటి దంపతులు ఏడవ నెలనుండి సాయంసంధ్యలో దీపము వెలిగించి కొంతసేపు కలసి కూర్చుండవచ్చును. గర్భిణి దిండ్ల ఆనికతో కూర్చుండి గాని ఎడమప్రక్కకు ఒరిగి గాని, నుదురు, దవడ, భుజములు, అరచేతులు వరుసగా వదులు చేయవలెను. శ్వాస లోనికి పోవునప్పుడు మనస్సున 'కేశవ' యనియు, అంతకంటె దీర్ఘముగా వెలికి వచ్చునప్పుడు 'నారాయణ' యనియు స్మరింపవలెను. ఊపిరి బిగబట్టు కుంభకము గర్భిణికి తగదు. భర్త వీపు నిమురుచు అవే నామములను మెల్లగా పలుకవలెను. నెలల తరబడి విన్న ఆ గొంతు నొప్పులవేళ చెవిని పడినచో, దేహము తనంత తానే సడలుట నేర్చియుండును.

ఇటీవల మఱియొక వింత బయలుదేరినది. మంచి నక్షత్రము చూచి, ఆ గడియకు బిడ్డను కోసి తీయుమని వైద్యులను కోరుచున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి తెలంగాణమున నూటికి 60.7, ఆంధ్రప్రదేశమున 42.4 కాన్పులు శస్త్రచికిత్సతోనే జరిగినవి. ఇందు ముహూర్తపు కోతలెన్నియో గాని, ఒక్కటైనను తగదు. జాతకము పుట్టిన గడియను బట్టి వ్రాయబడునేగాని, వ్రాసిన జాతకమును బట్టి పుట్టుక జరుగదు. కయాధువు ఇచ్ఛాప్రసూతిని కోరెనుగదా యందురేమో. ఆమె కోరినది గర్భక్షేమము, భర్త రాక. గ్రహములను ఏరుకొనుట కాదు.

అయితే ప్రాణమునకు ముప్పు కలిగినపుడు శస్త్రమును నిరాకరించుట భక్తి కాదు, మౌఢ్యము. తల్లి మరణించినను కుక్షిలో చలనమున్నచో వెంటనే చీల్చి బిడ్డను తీయవలెనని సుశ్రుతుడే విధించెను. రక్తస్రావము, తీవ్రమగు తలనొప్పి, బిడ్డ కదలిక తగ్గుట కనబడినచో జపము ముగియువరకు ఆగక వైద్యాలయమునకు పోవలెను. నామము దారిలోను నడచును. నెలలు సాధన చేసియు చివరకు శస్త్రచికిత్స జరిగినచో, తన భక్తియే చాలలేదేమోయని కొందఱు తల్లులు కుమిలిపోవుదురు. నారదుని యెదుట కూర్చుండి విన్న కయాధువు సైతము కాలక్రమమున ఆ ఉపదేశమును మరచెనని ప్రహ్లాదుడే తోడి బాలురతో చెప్పెను. మరచినందుకు ఆమెను ఋషి గాని కుమారుడు గాని తప్పుపట్టలేదు.