గోముఖ దర్శనము – యాత్రికుని మర్యాద

తరింపజేయునది తీర్థము. అట్టి తీర్థమే యాత్రికుల పాదముల క్రింద నలిగిపోవుచున్నప్పుడు, దానిని దర్శింపగోరుట పుణ్యమా, దోషమా? హిమాలయయాత్ర సులభమైన ఈ దినములలో ఆస్తికులు విచారింపదగిన ప్రశ్న యిది.

అక్షయతృతీయకు గంగోత్రి ఆలయద్వారములు తెరువబడును. వేసవిలో భక్తులు ఋషీకేశమున వాహనమెక్కి, ఉత్తరకాశి, హర్సిల్ మీదుగా భాగీరథీతీరము వెంట గంగోత్రి చేరుదురు. అచట మోటారుబాట ముగియును. అటుపైన సుమారు 18 కిలోమీటర్లు నడచినచో గోముఖము. త్రోవలో చీర్‌బాసా, భూర్జవృక్షములచే పేరువడసిన భోజ్‌బాసా తగులును. పిదప చెట్టు కానరాదు. దాదాపు 13,000 అడుగుల ఎత్తున, బండరాళ్ల నడుమ, సుమారు 30 కిలోమీటర్ల పొడవుగల హిమానీనదము ముగియుచోట, మంచుగుహ నుండి భాగీరథి ఉరికి వచ్చును. త్రివిక్రముడు ఎత్తిన పాదమునుండి గంగ వెడలినదని భాగవతము చెప్పుచున్నది. కనుకనే ఆమె విష్ణుపది. వైష్ణవునకు ఆ స్థలము శ్రీపాదసన్నిధి.

ఆ సన్నిధి నేడు క్షీణించుచున్నది. 1935లో మొదలైన కొలతలను బట్టి చూడగా హిమానీనదము వెనుకకు తగ్గుచునే యున్నది. గత శతాబ్దపు ఉత్తరార్ధమున ఏటా సుమారు 20 మీటర్లు తగ్గినది. బొగ్గు, చమురు మండించుటచే భూమి వేడెక్కుట యిందుకు ముఖ్యకారణము. ఆ భారమంతయు యాత్రికునిపై మోపుట న్యాయము కాదు.

భోజ్‌బాసా విషయము మాత్రము వేరు. అచటి భూర్జవృక్షములు యాత్రికుల, పర్యాటకుల వంటపొయ్యిలకు, చలిమంటలకు ఆహుతియై తరిగిపోయినవి. ఏ బెరడుమీద పూర్వులు శాస్త్రములు వ్రాసిరో, ఆ బెరడుగల చెట్టునే భక్తులు కాల్చిరి. ఒక్కొక్కరు విరిచినది ఒక్క కొమ్మయే. అయినను వనము పోయినది.

2008 నుండి గోముఖమునకు దినమునకు 150 మందికి మాత్రమే అనుమతి. ఎన్నో ఏండ్లు సొమ్ము కూడబెట్టుకొని వచ్చి, గంగోత్రిలో ఆగిపోయిన వృద్ధుని దుఃఖము చిన్నది కాదు. అతని యాత్ర వ్యర్థమైనదా? ఆలయమర్యాదయే సమాధానము చెప్పును. తిరుమలలో గర్భాలయపు గడపను కులశేఖరపడి యందురు. రాజైన కులశేఖరాళ్వారు స్వామి వాకిట మెట్టుగా నుండ గోరెను. ఆ గడప దాటని భక్తునకు దర్శనఫలము తక్కువయని ఎవ్వరును అనరు. గోముఖము గర్భాలయమైనచో గంగోత్రి ముఖమండపము. పైగా భగవంతుని గుణములలో సౌలభ్యము మిన్న. ఎక్కలేనివాని కొరకే గంగ దిగివచ్చినది. గోముఖమున వెడలిన జలమే గంగోత్రి మెట్లను తాకుచున్నది. హద్దును మన్నించి అచటనే స్నానమాడి మరలినవాడు దర్శనముతోపాటు కైంకర్యమును గూడ చేసినవాడు.

అనుమతి లభించి పైకి పోవువారికి బాధ్యత మరింత హెచ్చు. గంగలో నిర్మాల్యము వేయుట, వస్త్రములు విడుచుట, జలక్రీడలాడుట శాస్త్రము నిషేధించిన పదుమూడు కార్యములలోనివి. ప్లాస్టిక్ సీసాను విడిచివచ్చుట ఆ నిషేధమునకు లోబడినదే. కొనిపోయిన ప్రతి వస్తువును తిరిగి తెచ్చుట నేటి తీర్థవిధి.

శ్రీహరి పాదము లోకమునకు గంగనిచ్చినది. మన పాదము ఆమెకు బరువు కాకుండుటయే మనము చెల్లింపగల కానుక.