పెట్రోలు వాసన తెలిసిన తర్వాత

పాత కారు ఉన్న ఇళ్లలో ఇది చాలామందికి అనుభవమే. ఎండాకాలం సాయంత్రం గరాజ్ తలుపు ఎత్తగానే సన్నగా పెట్రోలు వాసన వస్తుంది. వంగి చూస్తే కింద చుక్క కూడా ఉండదు. కారు బాగానే నడుస్తుంది, మైలేజీ తగ్గదు. మెకానిక్‌ని అడిగితే, “ఎక్కడో గొట్టం పగిలి ఆవిరి పోతోందండీ, నడపడానికి ఇబ్బందేం లేదు” అంటాడు. ఆయన చెప్పింది నిజమే. మరి డబ్బు పెట్టి బాగు చేయించాలా, వదిలేయాలా?

ఇంత చిన్న విషయాన్ని మనస్సాక్షి దాకా తేవడం ఎందుకని కొందరు సహోదరులు అడగవచ్చు. చిన్నది కాబట్టే తెస్తున్నాను. బ్రేకు పాడైతే మనం తర్కించుకోం, ఆ రోజే చేయిస్తాం. అది మన ప్రాణం. ఈ ఆవిరి మాత్రం ఎక్కువగా పోయేది పక్కవాళ్ల దగ్గరికి.

ముందు సంగతేమిటో చూద్దాం. కారు కదలకుండా ఉన్నా ట్యాంకులో పెట్రోలు ఆవిరవుతూనే ఉంటుంది. ఒకప్పటి కార్లు దాన్ని గాలిలోకి వదిలేసేవి. 1970ల నుంచి ఆస్ట్రేలియాలో కొత్త కార్లు ఆ ఆవిరిని పట్టుకోవాలని నియమాలు వచ్చాయి. ఆవిరి ఒక గొట్టంలోంచి చార్‌కోల్ కానిస్టర్ అనే బొగ్గు డబ్బాలోకి వెళ్తుంది, బొగ్గు దాన్ని పట్టి ఉంచుతుంది. ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి పంపుతుంది, అక్కడ అది కాలిపోతుంది. పదిహేనేళ్లు గడిచేసరికి ట్యాంకు మూత రబ్బరు గట్టిపడుతుంది, గొట్టాలు నెర్రెలిస్తాయి, వాల్వ్ పూర్తిగా మూసుకోదు. మన వాళ్లకు ఇంకో అలవాటు కూడా ఉంది. బంకులో పంపు టక్కున ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండు సార్లు నొక్కుతాం. అలా పొంగిన పెట్రోలు బొగ్గు డబ్బాలోకి చేరితే ఆ బొగ్గు పాడవుతుంది. అరవై డాలర్లు సరిగ్గా అరవై కావాలన్న పట్టుదలకు అది కాస్త ఎక్కువ ధరే.

శాన్ హోసేలో ఉన్న మీ బావగారికి ఈ సమస్య వస్తే ఆయన కారే చెబుతుంది. అమెరికాలో 1990ల చివరి నుంచి కార్లు ఒక మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా కనిపెట్టి డాష్‌బోర్డు మీద లైటు వెలిగించాలి. తర్వాత ఆ హద్దు అర మిల్లీమీటరుకు తగ్గింది. కాలిఫోర్నియాలో ఆ లైటు వెలుగుతుంటే కారు స్మాగ్ చెక్ పాస్ కాదు. ఆస్ట్రేలియా నియమాలు యూరప్ బాటలో నడిచాయి. మన పాత కార్లు తయారైన కాలంలో, ఆవిరి లీకును కారు తానే కనిపెట్టాలన్న షరతు ఆ బాటలో లేదు. అందుకే ఇక్కడ చాలా కార్లలో లీకు ఉన్నా ఏ లైటూ వెలగదు. న్యూ సౌత్ వేల్స్‌లో ఐదేళ్లు దాటిన కారుకు ఏటా పింక్ స్లిప్ కావాలి. ఆ తనిఖీలో బ్రేకులు, టైర్లు, లైట్లు, సీట్ బెల్టులు చూస్తారు గానీ ట్యాంకులోంచి ఎంత ఆవిరి పోతోందో కొలవరు. విక్టోరియాలో అమ్మకం సమయంలో ఇచ్చే రోడ్‌వర్తీ సర్టిఫికెట్ కూడా కారు అన్ని విధాలా బాగుందని హామీ ఇచ్చేది కాదు.

అంటే మన విషయంలో కారు చెప్పదు, చట్టం అడగదు. తెలిసింది ఒక్క మన ముక్కుకే.

నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు గురించిన విధులున్నాయి. ఎద్దు మొదటిసారి పొడిచినప్పుడు యజమానిని ఒకలా చూస్తారు. దానికి ఆ అలవాటు ఉందని ముందే ఆయనకు చెప్పినా కట్టిపెట్టకపోతే తీర్పు వేరేగా ఉంటుంది. రెండుసార్లూ అదే ఎద్దు, అదే కొమ్ము. మారింది యజమానికి తెలియడం ఒక్కటే. పశువుల మంద ఉన్న సమాజానికి రాసిన ఈ విధి మన డ్రైవ్‌వేలో ఉన్న కారుకు కూడా సరిపోతుందని నా అభిప్రాయం. నిన్నటిదాకా లీకు కారుది. మెకానిక్ చెప్పిన రోజు నుంచి అది మనది.

హాని నిజంగా ఉందా అంటే, ఉంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, మూసిన గరాజ్‌లో నేల మీద పరుచుకుంటుంది. నిప్పురవ్వ తగిలితే ప్రమాదం. ఇక్కడి పెట్రోలులో ఒక శాతం దాకా బెంజీన్ ఉండవచ్చు, అది క్యాన్సర్ కలిగించే పదార్థం. గరాజ్ గోడకు ఆనుకుని పిల్లల పడకగది ఉన్న ఇళ్లు మనలో ఎన్ని లేవు! ఇక ఆరుబయట ఆ ఆవిరి వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి ఎండలో ఓజోన్ అవుతుంది. సిడ్నీలో వేసవి మధ్యాహ్నం సముద్రపు గాలి ఆ మురికిని పడమటికి నెడుతుంది. పడమటి సిడ్నీ అంటే వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్, బ్లాక్‌టౌన్. మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నది అక్కడే. ఆస్తమా ఉన్న పిల్లలకు ఓజోన్ ఎంత ఇబ్బందో తల్లులకు తెలుసు. అందుకే వేసవిలో సిడ్నీ ప్రాంతంలో తక్కువగా ఆవిరయ్యే పెట్రోలే అమ్మాలని ప్రభుత్వం నియమం పెట్టింది.

“నా ఒక్క కారుతో ఏమవుతుంది?” అనే ప్రశ్న మిగిలింది. రాజుగారు ఊరందరినీ రాత్రి గంగాళంలో తలా ఒక చెంబు పాలు పోయమంటే, తెల్లారేసరికి నిండా నీళ్లే ఉన్న కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ప్రతివాడి లెక్కా సరైనదే, తన చెంబు ఒక్కటే అయితే ఎవరికీ తెలిసేది కాదు. ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో ప్రచురించిన ‘రీజన్స్ అండ్ పర్సన్స్’ గ్రంథంలో ఇదే లెక్కను తప్పుపట్టాడు. ఒక్కొక్కరి పని వల్ల కలిగే హాని గుర్తించలేనంత చిన్నదైనా, అందరిదీ కలిస్తే ఎవరికో పెద్ద హాని జరుగుతుంటే, “నాది లెక్కలోకి రాదు” అనడం పొరపాటని ఆయన వాదన. ఆయన విశ్వాసి కాడు. అయినా ఈ మాట దగ్గర ఆయనతో నాకు పేచీ లేదు.

అయితే దీన్ని భారంగా మార్చి ఎవరి మెడకైనా కట్టడం నాకిష్టం లేదు. ఫీజు కట్టి, అద్దె కట్టి, రాత్రిళ్లు డెలివరీలు చేసే విద్యార్థి దగ్గర రిపేరుకు డబ్బు లేకపోవచ్చు. అతను మూత టిక్కుమనే దాకా బిగించి, దాని రబ్బరు చూసుకుని, అవసరమైతే కొత్త మూత కొని, కారు గరాజ్‌లో కాకుండా ఆరుబయట నిలిపితే, చేయగలిగింది చేసినట్టే. మూత మార్చడం చాలాసార్లు చవకైన పనే. ఒక్కోసారి దానితోనే సమస్య తీరుతుంది కూడా. మూత మార్చినా వాసన పోకపోతే మెకానిక్ స్మోక్ టెస్ట్ చేస్తాడు. గొట్టాల్లోకి పొగ నెమ్మదిగా పంపితే ఎక్కడ పగులు ఉందో అక్కడ బయటికి వస్తుంది. ఇంట్లో మనం పొగతో, మంటతో ప్రయత్నించే పని కాదది. ఉద్యోగం స్థిరపడి, రెండో కారు కొన్నవాళ్లం మాత్రం “పాత కారేగా” అనే మాట కొంచెం తక్కువగా వాడాలి.

అసలు పరీక్ష కారు అమ్మేటప్పుడు వస్తుంది. మన సహవాసాల్లో పాత కార్లు ఎక్కువగా చేరేది కొత్తగా దిగినవాళ్లకే. ఆదివారం ఆరాధన అయ్యాక పార్కింగ్‌లోనే బేరం కుదురుతుంది. కొనే తమ్ముడు బానెట్ కూడా ఎత్తడు, “మీరే చెప్తున్నారు కదన్నా, చాలు” అంటాడు. వ్యక్తులు సొంతంగా అమ్ముకునే కార్లకు, డీలరు దగ్గర కొంటే ఉండే హామీలు చాలావరకు వర్తించవు. ఏదైనా తేడా వస్తే అతనికి ఆధారం అన్న మాట ఒక్కటే. ఎద్దును కొన్నవాడికి దాని అలవాటు చెప్పకపోతే, రేపు అది పొడిచినప్పుడు అతనికి తెలియలేదన్నది నిజం, అమ్మినవాడికి తెలుసన్నదీ నిజం. అడగలేదు కాబట్టి చెప్పలేదు అనే సమాధానం కోర్టులో నిలబడవచ్చు. వచ్చే ఆదివారం అదే బల్ల దగ్గర పక్కపక్కన నిలబడినప్పుడు నిలుస్తుందా?

గ్రూపులో పెట్టే ప్రకటనలో ఒక్క వాక్యం చాలు. రెగో ఎప్పటిదాకా ఉంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని రాశాక, “ట్యాంకు దగ్గర ఆవిరి లీకు ఉంది, మూత మార్చాను, గొట్టం మార్చాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించాను” అని రాయవచ్చు. అది చదివి ఇద్దరు ముగ్గురు వెనక్కి తగ్గుతారు. ఇంకొకరు ఇంకో రెండొందలు తగ్గించమంటారు. ఆ బేరం మామూలే.