అసలుది అంటే ఏది?

పాత వస్తువు అమ్మేవాడు ఎంతవరకు నిజం చెప్పాలి? ఇది సంతలో పుట్టిన ప్రశ్న. క్రీ.పూ. 44లో సిసిరో దీన్ని చర్చకు పెట్టాడు. ఇల్లు అమ్మేవాడు ఆ ఇంటి లోపాలు చెప్పాలా, అక్కర్లేదా? అబద్ధమాడకుంటే చాలు, అన్నీ విప్పి చెప్పనక్కర్లేదన్నాడు డయోజెనిస్ అనే తత్త్వవేత్త. కొనేవాడికి తెలియనిదేదీ దాచకూడదన్నాడు అతని శిష్యుడు ఆంటిపేటర్. సిసిరో శిష్యుడి వైపే నిలబడ్డాడు. నేనూ ఆ వైపే. కానీ పాత జాజ్ గిటార్ల బజారును చూస్తే ఈ ప్రశ్నకు రెండో కొస ఒకటుందని తెలుస్తుంది. కొనేవాడు ఏం అడగాలి?

ఆర్చ్‌టాప్ గిటార్ అంటే పైపలకను ఫిడేలు పలకలా ఉబ్బెత్తుగా చెక్కిన గిటార్. అమెరికాలోని కలమజూ ఊళ్ళో గిబ్సన్ కంపెనీ 1922లో ఎల్-5 అనే గిటార్ తయారుచేసింది. ఫిడేలుకున్నట్టే దానికీ పైపలక మీద ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు. కొద్ది ఏళ్లలోనే అది జాజ్ బృందాల చేతికొచ్చింది. ఆ కాలపు గిటార్లు ఇవాళ లక్షల రూపాయల సరుకు.

ఆ బజారులో అన్నిటికంటే ముందు వినపడే మాట ‘ఒరిజినల్’. ఎఫ్ రంధ్రంలోంచి చిన్న అద్దం దూర్చి లోపలి బద్దలు ఊడాయా, పగుళ్లకు అతుకులేశారా అని చూస్తారు. చీకట్లో అల్ట్రావయొలెట్ దీపం పట్టి రంగు పాతదో కొత్తదో కనిపెడతారు. రంగు మళ్లీ వేశారని తేలితే ధర దాదాపు సగానికి పడిపోతుందని అక్కడివాళ్ల లెక్క. స్వరం మారిందా లేదా అన్నది తరువాతి సంగతి.

ఆ మార్పులు ఎందుకు జరిగాయి? ఉక్కు తీగలు రాపాడి మెట్లు అరుగుతాయి. రోజూ వాయించేవాడు కొన్నేళ్లకు వాటిని మార్చక తప్పదు. సెల్యులాయిడ్‌తో చేసిన పాత పిక్‌గార్డ్ దానంతటదే కుళ్లుతుంది. దాని ఆవిరి తగిలి పక్కనున్న లోహం తుప్పు పడుతుంది. దాన్ని తీసేయకపోతే గిటారే పాడవుతుంది. 1939లో చార్లీ క్రిస్టియన్ బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరి కరెంటు గిటార్ సత్తా చూపాడు. వేరే వాయిద్యగాళ్లు కూడా బాకాల హోరులో తమ స్వరం వినపడాలని చెక్కిన పైపలకలకు రంధ్రం కోసి పికప్ బిగించుకున్నారు. ఇవాళ ఆ కోత ధర తగ్గించే లోపం. నిజానికది, నా గొంతు కూడా వినండని ఒకడు చేసిన ప్రయత్నానికి గుర్తు.

అంటే ఈ లెక్కలో ఎక్కువ మార్కులు ఎవరికి? ఎవరూ వాయించకుండా పెట్టెలో పడుకున్న గిటార్‌కి. చరిత్ర మ్యూజియంలో భద్రపరచాలనుకునేవాడు చెయ్యిపడని గిటార్‌కి ఎక్కువ ధర పెడితే తప్పు లేదు. అరుదైనదానికి విలువ ఉంటుంది. కానీ అరుదైనది వేరు, స్వచ్ఛమైనది వేరు.

అసలు ఈ వాయిద్యంలో స్వచ్ఛత ఎక్కడుంది? ‘గిటార్’ అన్న మాటే గ్రీకు నుంచి అరబ్బీలోకి, అక్కడినుంచి స్పానిష్‌లోకి నడిచింది. ఎపిఫోన్ గిటార్లు చేసిన కుటుంబం నేటి తుర్కియేలోని స్మిర్నా నుంచి న్యూయార్క్ చేరిన గ్రీకు కుటుంబం. పేరుమోసిన ఆర్చ్‌టాప్‌లు చెక్కిన జాన్ డిఏంజెలికో ఇటలీ నుంచి వచ్చినవాళ్ల బిడ్డ. వాటి మీద మోగిన జాజ్, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతి సృష్టి. ఇన్ని చేతుల కలయికకు ‘కల్తీ లేని’ ముద్ర వేయమంటే ఎలా?

స్వచ్ఛత అడిగే చోటే అబద్ధం పుడుతుంది. పగులు అతికించానని చెప్పినవాడికి తక్కువ, దాచినవాడికి ఎక్కువ ముట్టే బజారులో నిజాయితీ ఎన్నాళ్లు బతుకుతుంది? అందుకే పాత బిరడాలు వెతికి తెచ్చి బిగిస్తారు. కొత్త రంగుకు పాతదనం పులుముతారు. తప్పు మోసగాడిదే. కాని ఆ మోసానికి గిరాకీ తెచ్చింది మన కొలబద్దే.

మనుషుల దగ్గరా ఇదే బేరం జరుగుతుంది. నీ అసలు ఊరేది, అసలు భాషేది, అసలు పేరేది అని దీపం పట్టి వెతికేవాళ్లున్నారు. బతికినవాడి మీద అతుకులుంటాయి. చూపిస్తే విలువ తగ్గిస్తారనే భయంతో కొందరు వాటిని దాచుకుంటారు. అప్పుడు దొంగల్లా కనిపించేది వాళ్లే, దీపం పట్టినవాళ్లు కాదు.

కాబట్టి ఆంటిపేటర్ మాటకు ఒక షరతు కలుపుతాను. అమ్మేవాడు ప్రతి పగులూ, ప్రతి మార్పూ కాగితం మీద రాసివ్వాలి. ధర అడగకముందే ఇవ్వాలి. కొనేవాడు ఆ కాగితాన్ని నేరపత్రంలా కాక జీవితచరిత్రలా చదవాలి. మరమ్మతు వల్ల గిటార్‌కు నిజంగా నష్టం జరిగితే అంతమేరకు ధర తగ్గించమనడం న్యాయం. నిజం చెప్పినందుకే తగ్గించడం దోపిడీ. అద్దమూ దీపమూ పక్కన పెట్టి ముందు తీగ మీటి వినమనండి.