మొహమాటానికి వెళ్ళకు

హైదరాబాద్,
అక్టోబరు

చిరంజీవి అమ్ములుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ మూడుసార్లు చదివాను. పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసిన సియాటిల్ కంపెనీ మళ్ళీ రమ్మంటోంది, జవాబుకి పదిరోజులే గడువు. కాలిఫోర్నియా వాళ్ళ ఇంటర్వ్యూలేమో ఇంకా రెండో రౌండ్ దాటలేదు. ఇదంతా సరేగానీ, "అంత బాగా చూసుకున్నారు, కాదంటే ఏమనుకుంటారో పెదనాన్నా" అని చివర్లో రాశావు చూడు, నీ చిక్కంతా అక్కడే ఉంది.

నా పీహెచ్‌డీ రోజుల్లో నేనూ సరిగ్గా అలాగే అనుకుని ఒకే చోటికి రెండోసారి వెళ్ళాను. కంపెనీ పేరు అనవసరం. మెంటర్ బంగారంలాంటి మనిషి, మొదటి ఏడాది వాళ్ళింటికి పిలిచి భోజనం పెట్టాడు. తీరా వెళ్ళేసరికి ఆయన వేరే విభాగానికి మారిపోయాడు, పాత ప్రాజెక్టు ఎత్తేశారు. నన్నెవరికి అప్పగించాలో తెలియక, రిపోర్టులు నీటుగా ప్రింటయ్యేలా చూసే ప్రోగ్రాము ఒకటి చేతిలో పెట్టారు. ఆ వేసవి తాలూకు ఒక్క వాక్యం కూడా నా థీసిస్‌లో లేదు. రమ్మన్నారు కదా అని వెళ్ళానే తప్ప, ఏం పనికి రమ్మంటున్నారని అడగడానికి నోరు రాలేదు. అడిగితే కృతజ్ఞత లేదనుకుంటారని భయం. దాన్ని కృతజ్ఞత అనరమ్మా, మొహమాటం అంటారు.

అలాగని పాతచోటికి వెళ్ళడం తప్పనడం లేదు. ఇంటర్న్‌షిప్ అంటే పన్నెండు వారాలు, 84 రోజులు. లాప్‌టాప్, పర్మిషన్లు, డేటా చూడ్డానికి అనుమతి, ఎవరో రాసి వెళ్ళిన కోడ్ అర్థం చేసుకోవడం, వీటికే మూడు వారాలు పోతాయి. ఆఖరి రెండు వారాలు ప్రెజెంటేషన్‌కి. చేతికి మిగిలేవి ఏడు. తెలిసిన చోటైతే ఆ మొదటి మూడింట్లో రెండు వారాలైనా కలిసొస్తాయి. కానీ ఆ కలిసొచ్చిన రోజుల్లో చేసుకోవడానికి నీదంటూ ఒక పని ఉండాలి. బ్యాడ్జి తిరిగిచ్చేసే రోజు కూడా నీ ఎక్స్‌పెరిమెంట్ రన్ అవుతూనే ఉందని ఆగస్టులో ఫోన్‌లో చెప్పావు. అది ఏమైందో తెలుసుకోవాలని ఇంకా మనసు పీకుతోందా? అయితే మీ మెంటర్‌కి ఇవాళే రాయి. వచ్చే వేసవికి ఆ టీమ్‌లోనే ఉంటారా, ఆ పని ఇంకా బతికుందా, ఫలితం వస్తే పేపర్ వేసుకోనిస్తారా అని అడుగు. ఆ కోడూ డేటా వాళ్ళ సొత్తు, వాళ్ళు ఊ అనకపోతే నీ థీసిస్‌లోకి రావు. సూటిగా జవాబు వస్తే, నన్నడిగితే, సియాటిలే వెళ్ళు. "వచ్చాక చూద్దాంలే" అంటే మాత్రం వద్దు. కొత్తచోట పన్నెండు వారాల్లో ఏమవుతుందని కూడా తీసిపారెయ్యకు. ఇవాళ్టి ఏఐకి పునాది వేసిన 2017 నాటి ట్రాన్స్‌ఫార్మర్ పేపర్ రాసిన ఎనిమిదిమందిలో ఐడన్ గోమెజ్ అప్పటికి గూగుల్‌లో ఇంటర్నే కదా.

వీసా సంగతి మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో తేల్చుకో. సీపీటీ, అదే చదువుతుండగా పనిచేసే అనుమతి, ఏ కంపెనీ పేరు మీద తీసుకుంటే దానికే చెల్లుతుంది, కంపెనీ మారితే మళ్ళీ కొత్తగా తీసుకోవాలి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ పోతుంది, దాంతోపాటు దాని మీద వచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపూ పోతుంది. నీకిది రెండో వేసవే కాబట్టి ఇప్పటికి భయం లేదు. కానీ "డిసెంబరు దాకా ఉండిపోరాదూ" అని ఎవరైనా అంటే లెక్క చూసుకోకుండా తలూపకు.

ఇక పదిరోజుల గడువు. ఇంకో మూడు వారాలు ఇమ్మని రిక్రూటర్‌ని అడుగు. చేతిలో ఆఫర్ ఉందని కాలిఫోర్నియా వాళ్ళకీ చెప్పు, ఒక్కోసారి వాళ్ళే తొందరపడతారు. రెండూ కుదరకపోతే ఉన్నదాంట్లోనే తేల్చుకోవాలి. అంతేగానీ ముందు సియాటిల్‌కి ఊ అనేసి, అవతలిది వస్తే మానేద్దామని మాత్రం అనుకోకు. ఆ పని చేసిన అబ్బాయిని నేను మెంటర్ కుర్చీలోంచి చూశాను. వేసవికి వస్తానని డిసెంబరులో ఒప్పుకున్నాడు, ఏప్రిల్‌లో రెండు లైన్ల మెయిల్ పెట్టాడు. ఆ సీటు కోసం మేనేజర్‌తో నేను పడ్డ వాదన సంగతి వదిలెయ్. జాబితాలో అతని తర్వాత పేరున్న అమ్మాయికి జనవరిలోనే కాదని చెప్పేశాం. ఏప్రిల్‌లో ఫోన్ చేస్తే "ఇప్పుడా?" అంది. అప్పటికే ఆ వేసవికి క్యాంపస్‌లోనే ఏదో పని ఒప్పుకుందట. ఆ కుర్చీ ఆగస్టు దాకా ఖాళీగానే ఉంది. అబ్బాయి ముఖం నాకిప్పుడు సరిగ్గా గుర్తు లేదు గానీ, ఆ "ఇప్పుడా?" మాత్రం చెవిలోంచి పోలేదు.

కాదనాల్సి వస్తే మీ మెంటర్‌కి మెయిల్ పెట్టి ఊరుకోకు, ఫోన్ చెయ్యి. రిక్రూటర్ ద్వారా ఆయనకి తెలియకూడదు. ఒకపూట చిన్నబుచ్చుకుంటాడేమో, అంతకు మించి ఏమీ కాదు.

ఆదివారం నీకు పొద్దున్న వేళకి ఫోన్ చేస్తాను. మీ పెద్దమ్మ అప్పుడే అడుగుతోంది, వచ్చే ఏడాది ఆవకాయ ఏ ఊరికి పంపాలని.

మీ పెదనాన్న