పరిచర్యకు వెళ్లిన బిడ్డకు అన్నము పెట్టినదెవరు?

ప్రియ చదువరీ, ఈ మాసమున ఒక ప్రశ్నను మీ ముందుంచి మీతో కూడ ఆలోచింపగోరుచున్నాను. ధనిక దేశములో పుట్టిన పదునారేండ్ల బాలుడొకడు సేవ చేయుదునని బయలుదేరి, విమానమెక్కి, పరదేశములోని ఒక బీద పల్లెకు వెళ్లును. అక్కడ ఒక కుటుంబమువారు అతనికి పడుకొనుటకు చోటిత్తురు. పూట పూటకు వండి పెట్టుదురు. వచ్చీరాని మాటలను దిద్దుదురు. జ్వరము తగిలినయెడల ఆ యింటి తల్లి అతని తలాపున కూర్చుండును. కొన్ని వారములైన తరువాత ఆ బాలుడు స్వదేశమునకు మరలి, నేను బీదలకు సేవ చేసి వచ్చితినని తన సంఘములో సాక్ష్యము చెప్పును. అతడు అబద్ధమాడుచున్నాడని నేననను. అయితే ఆ లెక్కలో ఎవరి సేవ ఎంత?

మన పల్లె సంఘములకు ఈ ప్రశ్నతో పనియేమి అని మీరనవచ్చును. కొంచెము ఓపిక పట్టుడి. మన గుమ్మమునకే వచ్చెదను.

1965వ సంవత్సరములో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమందు, హూస్టను పట్టణములోని రివర్ ఓక్స్ బాప్టిస్టు సంఘమున యౌవనస్థుల పాస్టరుగా నుండిన గై బెవిల్ అనునాయన, యౌవనస్థులను వెంటబెట్టుకొని మధ్య అమెరికాలోని హోండురాస్ దేశమునకు వెళ్లెను. పల్లె బిడ్డలకు పోలియో టీకాలు వేయుటలో తోడ్పడుట వారి పని. ఆ ప్రయాణమునుండి 'అమిగోస్ డె లాస్ అమెరికాస్' అను సంస్థ పుట్టినది. 'అమిగోస్' అనగా స్పానిషు భాషలో స్నేహితులు. హైస్కూలు వయస్సు పిల్లలు వేసవి సెలవులలో లాటిన్ అమెరికా పల్లెలకు వెళ్లి, అక్కడి కుటుంబములతో వారముల తరబడి నివసించుచు, వారి భాషనే మాటలాడుచు, ఊరి పనులలో చేయి కలుపుట దాని పద్ధతియైనది.

ఇంటిలోనే ఎందుకుంచవలెను, అందరిని ఒక్క బసలో ఉంచరాదా? దీనికి జవాబు అంతకుముందే ఒకరు కనుగొనిరి. 1932లో డొనాల్డ్ వాట్ అను అమెరికా దేశస్థుడు కొందరు అమెరికా బాలురను స్విట్జర్లాండునకు తీసికొనిపోయి, ఐరోపా బాలురతో కూడ ఒక శిబిరములో ఉంచెను. కలిసి ఆడుదురు, కలిసి తిందురు, స్నేహితులగుదురు అని ఆయన తలంపు. అయితే ఆయన అనుకొన్నంతగా వారు కలియలేదు. అప్పుడాయన పద్ధతి మార్చి, తరువాత వచ్చినవారిని కుటుంబములలో ఉంచసాగెను. మన హాస్టళ్లలో చదివినవారికి ఈ సంగతి వింత కాదు. ఏ ఊరి పిల్లలు ఆ ఊరి పిల్లలతోనే పంక్తి కట్టుదురు గదా.

ఇంటిలో అట్లు సాగదు. ఇంటిలో ఉప్పు కావలెనన్న ఉప్పు అను మాట రావలెను. హోండురాసు పల్లెలో తెల్లవారకముందే పొయ్యి రాజును. మొక్కజొన్నలను సున్నము కలిపిన నీటిలో ఉడికించి, రుబ్బి, చేతులతో తట్టి, పెనముమీద కాల్చిన రొట్టె వారికి మన అన్నమువంటిది. దానిని తోర్తీయా అందురు. దానితో ఉడికించిన చిక్కుడు గింజలు, ఉప్పు, కాఫీ. హూస్టనులో తరగతికి మొదటిదిగా నిలిచిన పిల్ల ఆ పొయ్యియొద్ద కూర్చుండినప్పుడు, ఆ యింటి నాలుగేండ్ల పిల్లవానికున్నన్ని మాటలు ఆమెకు లేవు. నాకు సిగ్గుగా నున్నదని చెప్పబోయి, తన భాషలోని మాటను పోలియున్నది గదాయని 'ఎంబరసాదా' అనును. స్పానిషులో ఆ మాటకు గర్భవతి అని అర్థము. ఇల్లంతయు నవ్వును. ఇంగ్లీషువారు స్పానిషు నేర్చుకొనునప్పుడు పడుచు వచ్చిన పాత గుంట ఇది.

ఇంకొక సంగతి. ఇంగ్లీషులో తాతకును తమ్మునికిని ఒకటే 'యూ'. స్పానిషులో 'ఉస్తేద్' అనునది మన 'మీరు' వంటిది. 'తూ' అనియు, హోండురాసులో ఎక్కువగా 'వోస్' అనియు పలుకునది మన 'నీవు' వంటిది. ఎవరిని ఏమని పిలువవలెనో మన బిడ్డలు తల్లి ఒడిలోనే నేర్చుకొందురు. హూస్టను బిడ్డ పదునారవ యేట నేర్చుకొనును. ఊరి పెద్దాయనను 'నీవు' అని పిలిచి, ఆయన ముఖము ఎందుకు చిన్నబోయెనో తెలియక నిలుచుండును.

ఈ తగ్గింపును నేను మేలైన వరముగా ఎంచుచున్నాను. చదువులేని ఒక బీద స్త్రీ గురువు, సకల సౌకర్యములలో పెరిగిన బిడ్డ శిష్యుడు. లోకములో ఇట్లు జరుగు స్థలములు ఎన్ని గలవు? డెబ్బదిమంది శిష్యులు పంపబడినప్పుడు సంచి తీసికొనిపోకుండుటయు, ప్రవేశించిన యింటనే నిలిచి, వారు పెట్టినది తినుటయు వారికి విధింపబడెను. ఇచ్చుటకు వెళ్లువాడు ముందు పుచ్చుకొనుట నేర్చుకొనవలెనని నేను దీనినిబట్టి గ్రహించుచున్నాను. పుచ్చుకొనుట ఇచ్చుటకన్న కష్టము. నమ్మనివారు తమకన్న బీదవాని యింట భోజనము చేసి చూడుడి.

అయితే ఇంతటితో ప్రశ్న తీరలేదు. 1968 ఏప్రిల్ 20న ఇవాన్ ఇల్లిచ్ అను కతోలిక గురువు ఈ విషయమై కఠినమైన ప్రసంగమొకటి చేసెను. ఆయన ఆస్ట్రియాలోని వియన్నా నగరమున పుట్టినవాడు. మెక్సికోలోని క్వెర్నవాకలో ఒక కేంద్రమును నడుపుచు, లాటిన్ అమెరికాకు వచ్చు మిషనరీలకు స్పానిషు నేర్పించుచుండెను. అట్టివాడు, మెక్సికో పల్లెలకు వేసవిలో సేవకై వెళ్లు అమెరికా విద్యార్థుల సభలో నిలిచి, మీరు ఉపకారులుగా రావలదు, మీ మేలు మాకు వలదు అని వారి ముఖముననే చెప్పెను. చూచిపోవుటకైనను చదువుకొనుటకైనను వచ్చినయెడల ఆయనకు అభ్యంతరము లేదు. మీరు పల్లెవారి భాష ఎరుగరు గనుక, వారు మిమ్మునుగూర్చి ఏమనుకొనుచున్నారో అదియైనను మీకు తెలియదనెను.

ఈ చివరి మాటను నేను తోసివేయలేకున్నాను. చూడుడి, భాష నేర్చుకొనుట ఎందుకని అడిగినయెడల మనము సాధారణముగా ఏమందుము? సువార్త చెప్పుటకు అందుము, పని చెప్పుటకు అందుము, స్నేహము చేయుటకు అందుము. అన్నియు మనము మాటలాడుటకే. ఎదుటివాడు మనకు 'వద్దు' అని చెప్పినప్పుడు ఆ మాట మన చెవిని పడుటకు భాష కావలెనని ఎందరము తలంచుచున్నాము? వద్దనుటకు వీలులేనివానికి చేసిన మేలు మేలగునా? ప్రియ చదువరీ, నా ప్రశ్నకు గుండెకాయ ఇదే.

బీదవాడు 'వద్దు' అను మాటను నేరుగా పలుకడు. స్పానిషులో 'అహోరిత' అను చిన్న మాట గలదు. నిఘంటువులో చూచినయెడల ఇప్పుడే అని యుండును. పలికిన స్వరమునుబట్టి అది ఇప్పుడే కావచ్చును, సాయంత్రము కావచ్చును, ఎప్పటికిని కాకపోవచ్చును. మరుగుదొడ్డికి గొయ్యి ఇక్కడ త్రవ్వుదుమా అని పిల్లలడిగినప్పుడు, ఇంటి యజమానుడు 'అహోరిత' అని నవ్వి ఊరకుండెననుకొనుడి. పుస్తకపు భాష వచ్చినవాడు పార తెచ్చును. ఇంటి భాష వచ్చినవాడు పార దించి కూర్చుండి, ఆ స్థలములో ఏమున్నదో అడుగును. బహుశః అది వర్షకాలములో నీరు నిలుచు చోటు కావచ్చును. బహుశః అది ఆయన అన్నదమ్ములతో వివాదములోనున్న నేల కావచ్చును.

ఏలీయాను పోషించిన సారెపతు విధవరాలిని జ్ఞాపకము చేసికొనుడి. ప్రవక్త రొట్టె అడిగినప్పుడు ఆమె తన యింట పిండి ఎంత మిగిలినదో దాచక చెప్పెను. ఇది తిని నా కుమారుడును నేనును చావవలసియున్నామనియు చెప్పెను. ఆమె చెప్పగలిగెను, అతడు వినగలిగెను. ఆ తరువాతనే ఆ యింట వారి సహవాసము ఆరంభమైనది. హోండురాసు తల్లి తన అతిథితో అట్లు చెప్పునా? మన తల్లులు చెప్పుదురా? పెరటిలోని ఒక్క కోడిపెట్టను కోసి, పెద్ద ముక్క అతిథికి వడ్డించి, ఇంట గ్రుడ్లు ఇక లేవను సంగతిని మింగి కూర్చుందురు. వంటింటి మూల పిల్లలు గుసగుసలాడుకొనునది అర్థమైన అతిథి మరునాడు ముక్కను పంచి తినును. అర్థము కానివాడు, వీరు ఎంత సంతోషముగా నున్నారు అని ఇంటికి జాబు వ్రాయును.

ఇల్లిచ్ చెప్పినదంతయు నేనొప్పుకొనను. 1965లో హోండురాసునకు వెళ్లిన పిల్లలు చేసిన పని నిజమైన పనియే. పోలియో బిడ్డల కాళ్లను విరిచివేయుచున్న కాలమది. ఆ టీకామందును చల్లగా ఉంచకున్నయెడల పాడగును. ఇల్లిల్లు తిరుగుటకు, పిల్లలను వరుసలో నిలుపుటకు, లెక్క వ్రాయుటకు అనేకుల చేతులు కావలెను. గొప్ప నైపుణ్యము కావలసినది తక్కువ, మనుష్యులు కావలసినది ఎక్కువ. 1994లో అమెరికా ఖండములనుండి పోలియో తొలగిపోయినదని ప్రకటింపబడెను. ఆ ఘనతలో అధిక భాగము ఆయా దేశముల ఆరోగ్య కార్యకర్తలది, బిడ్డలను చంకనెత్తుకొని నడిచివచ్చిన తల్లులది. కొంచెము భాగము ఆ పరదేశపు పిల్లలకును ఇచ్చుట న్యాయము. కాని ఇటుకమీద ఇటుక పేర్చి ఎరుగని పిల్లలను పంపి, మేస్త్రీలు పనిలేక కూర్చున్న ఊరిలో గోడ కట్టించుట వేరు. దానిని సేవయని పిలుచుటకు నాకు నోరు రాదు.

ఆ విమానపు టిక్కెట్టు డబ్బే ఆ ఊరికి పంపినయెడల మేస్త్రీలకు కూలి దొరకును గదా అని కొందరందురు. నిజమే. గోడయే కావలసినయెడల డబ్బు పంపుడి. అయితే మనియార్డరుతో ఎవరును ఎవరికిని బంధువులు కాలేదు. ఆ బిడ్డ ఒక తల్లి యింట తిని, ఆమె భాషలో ఆమె కష్టమును విని, ఆమె పేరును జీవితాంతము మరువకుండుట విలువగలది. దాని విలువ చెప్పుచున్నప్పుడు మాత్రము లెక్క సరిగా వ్రాయవలెను. నేను నేర్చుకొనుటకు వెళ్లితిని, వారు నన్ను పోషించిరి, చేతనైన పని కొంచెము చేసితిని అని వ్రాయవలెను. లాటిన్ అమెరికా పల్లెలలో మేలు పొందినవారు 'దియోస్ సె లో పాగె' అందురు. దేవుడు మీ ఋణము తీర్చునుగాక అని దాని భావము. ఆ మాటను హూస్టను బిడ్డ ఆ యింటి తల్లితో చెప్పవలసియుండగా, తరచుగా ఆ తల్లియే బిడ్డతో చెప్పుచున్నది!

ఇప్పుడు మన గుమ్మమునకు వచ్చుచున్నాను. హూస్టనులోను, అట్టి ఇతర నగరములలోను నేడు మన తెలుగువారి బిడ్డలు అనేకులు పెరుగుచున్నారు. మీలో కొందరి మనుమలు అక్కడనే యున్నారు. వారు సెలవులకు వచ్చినప్పుడు అమ్మమ్మ చెప్పునది సగము అర్థమై, సగము కాక, ఫోను చూచుకొనుచు కూర్చుందురు. తల్లిదండ్రులు నడుమ కూర్చుండి అటుమాట ఇటు, ఇటుమాట అటు చేరవేయుదురు. అమ్మా, ఆ తల్లిదండ్రులను రెండు వారములు వేరే ఊరికి పంపివేయుడి. బిడ్డను మీయొద్ద ఉంచుకొనుడి. ఆకలి వేసినప్పుడు మాట వచ్చును. మనుమరాలు 'నీవు' అన్నదని నొచ్చుకొనక, 'మీరు' అనుట నేర్పుడి.

పరదేశపు సంఘములనుండి యౌవనస్థులు వచ్చి మన ప్రార్థన మందిరమునకు సున్నము వేయుదుమని, మన పిల్లలకు పాటలు నేర్పుదుమని అడుగుటయు కలదు. సంఘ పెద్దలు కూడి ఏమందుమో మీకు తెలియును. దొరబిడ్డలు ఇంత దూరము వచ్చుచుండగా కాదందుమా? మందిరమునకు నిరుడే సున్నము వేయించియుండినను, మీ ఇష్టమండి అందుము. మన భాషలో 'వద్దు'కు ఎన్ని వేషములో! మీ ఇష్టమండి, చూద్దామండి, మీరు పెద్దలు, ఫరవాలేదండి, అయ్యగారిని అడిగి చెప్పుదుము. ఆ బిడ్డలకు వీనిలో ఒక్కటియు తెలియదు. తప్పు వారిది మాత్రమే కాదు.

గనుక సంఘ పెద్దలతో నా మనవి ఇది. అట్టి ఉత్తరము మీకు వచ్చినయెడల, వారిని ఒక బసలో గుంపుగా ఉంచక ఇంటికి ఒకరిని ఇద్దరిని పంచుకొనుడి. మన పొలములో, మన వంటింట వారికి పని చూపుడి. వడ్డించినది తినలేకపోయినప్పుడు విస్తరిపై చేయి అడ్డము పెట్టి 'చాలు' అనుట మొదటి దినమున నేర్పుడి. రెండవ దినమున 'వద్దు' అను మాట నేర్పుడి. మూడవ దినమున మీరే ఆ మాటను వారితో ఒక్కసారి పలికి చూడుడి.