దుద్దు దొరికింది

మా అమ్మాయి యం.ఏ. సోషియాలజీ చదువుతోంది. ఈ ఏడు దానికొక పేపరుంది, నేరమూ విచలనమూ అని. విచలనమంటే మరేం లేదు, నలుగురూ నడిచే దారి వదిలేసి పక్కకి నడవడమట. పుస్తకం అట్ట మీద సంకెళ్ళ బొమ్మ చూసి మా అత్తగారు హడలిపోయారు.

"దొంగల సంగతి తెలుసుకోడానిక్కూడా కాలేజీకి ఫీజు కట్టాలటే? మా ఊరి తలారినడిగితే ఊరికే చెప్పేవాడు!" అన్నారు.

"దొంగల గురించి కాదు నాయనమ్మా! మనం ఎవర్ని దొంగంటామో, ఎందుకంటామో, దాన్ని గురించి."

"దొంగతనం చేసినవాణ్ణి అంటాం. ఇంతోటిదానికి చదవడానికేముందీ?" అని ఆవిడ జపమాల అందుకున్నారు.

నేనూ బి.ఏ. చదివినదాన్నే. అయినా ఆ పూట నాకు ఆవిడ మాటే సబబనిపించింది. ఆ తరవాత నెల తిరక్కుండా మా ఇంట్లో ఒక దుద్దు పోయింది.

శ్రావణ శుక్రవారం. మా అమ్మ నాకిచ్చిన రాళ్ళ దుద్దులు. తలంటుకుంటూ తీసి అద్దం దగ్గర పెట్టాను. ఆ తరవాత పూజా, వంటా, పేరంటాళ్ళూ. సాయంత్రం తీరిగ్గా చూసుకుంటే అద్దం దగ్గర ఒకటే ఉంది. ఆ రోజు మా గడప తొక్కినవాళ్ళు పదిహేనుమందికి తక్కువుండరు. మా ఆడపడుచూ ఆవిడ కోడలూ వచ్చారు. ఫ్యాను బాగుచెయ్యడానికి ఒక కుర్రాడొచ్చాడు. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, పువ్వులమ్మి. వాళ్ళతోపాటు, బడికి సెలవని తల్లికి సాయం వచ్చిన మా పనిమనిషి కూతురు. పన్నెండేళ్ళుంటాయి.

నేనెవర్నీ ఏమీ అనలేదు సుమండీ. గిన్నెలు సర్దుతున్న ఆ పిల్లని పిలిచి, "ఏమ్మా, అద్దం దగ్గర దుద్దు గానీ చూశావా?" అనడిగాను. అంతే. నవ్వుతూనే అడిగాను. "లేదమ్మగారూ" అంది. మర్నాడు తల్లి ఒక్కతే వచ్చింది. మూడోనాడు, "మోకాళ్ళు నెప్పులమ్మా, మెట్లెక్కలేకపోతన్నా. వేరే మనిషిని చూసుకోండి" అంది. నెప్పులే కాబోలనుకున్నాను. అనుకోవడం సుఖం కదా!

ఆ రాత్రి మా అమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తకుండా అడిగింది: "అమ్మా, దుద్దు సంగతి అత్తయ్యనడిగావా?"

"ఛ ఛ! ఆవిణ్ణెలా అడుగుతానే?"

"ఫ్యాను అబ్బాయిని?"

"ఫోను చేసి అడిగితే ఏం బావుంటుంది? ఏమనుకుంటాడు?"

"మరి ఆ పిల్ల ఏమీ అనుకోదా?"

చదువెక్కువైందని కేకలేశాను. నిద్ర మాత్రం పట్టలేదు. పదిహేనుమందిలో నా నోటికి ఒక్క మనిషే ఎందుకు దొరికింది? ఆలోచించి అడగలేదు నేను. ఆలోచించకుండానే నా కళ్ళు అటు పోయాయి. అదే నన్ను భయపెట్టింది.

మర్నాడు అది కాలేజీకెళ్ళాక ఆ పుస్తకం తెరిచాను. హోవర్డ్ బెకర్ అని ఒక అమెరికా పండితుడు. బార్లలో పియానో వాయించుకుంటూ చదువుకున్నాడట. 1963లో "అవుట్‌సైడర్స్" అని పుస్తకం రాశాడు. నేరం అనే గుణం చేసిన పనిలో పుట్టుకతో ఉండదు, నలుగురూ ఆ పనికి ఆ పేరు పెట్టి, ఒక మనిషికి అంటిస్తేనే వస్తుంది అన్నది ఆయన సిద్ధాంతం. మొదట్లో నాకు వితండవాదంలా తోచింది. తరవాత చిన్నికృష్ణుడు గుర్తొచ్చాడు. వెన్నదొంగ అని మురిసిపోయి పిల్లలకి ఆ వేషమేసి ఫొటోలు తీయిస్తాం. మన పిల్లాడు చక్కెర డబ్బాలో చెయ్యి పెడితే అల్లరి. పనిమనిషి పిల్ల పెడితే దానికి వేరే పేరుంది.

పేరంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు మేం రైల్లో వెళ్ళేటప్పుడు, చీరాల దాటి బాపట్ల వచ్చేలోపల మా పెద్దమ్మ కిటికీ తలుపు దించేసి, మెడలో గొలుసు చెంగులో దాచుకునేది. "స్టూవర్టుపురం వస్తోందే" అనేది. ఆ ఊళ్ళో ఎవర్నీ ఆవిడ ఎరగదు. పేరు చాలు.

ఆ పేరు వెనక కథ నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. ఎరుకలవాళ్ళు ఒకప్పుడు ఎడ్ల మీదా గాడిదల మీదా తీరం నుంచి ఉప్పు వేసుకుని లోపలి ఊళ్ళకి పోయి అమ్మేవారు. వస్తూ ధాన్యం తెచ్చేవారు. రైళ్ళొచ్చాయి. ఉప్పు మీద దొరల పెత్తనమొచ్చింది. వర్తకం పోయింది. బతుకు తిరుగుడుదే గనక తిరుగుతూనే ఉన్నారు. తిరిగేవాడి మీద సర్కారుకి అనుమానం. 1871లో ఇంగ్లీషు దొరలు ఒక చట్టం చేశారు. కొన్ని తెగల్లో పుట్టడమే నేరమన్నట్టు, మొత్తం తెగకి తెగనే నేరస్థ జాతి అని ప్రకటించవచ్చునట! 1911లో అది మన మద్రాసు రాజధానికీ వచ్చింది. 1913లో సాల్వేషన్ ఆర్మీవాళ్ళ ఆధ్వర్యాన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. ఇలాంటి సెటిల్‌మెంట్లలో హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. తల్లిదండ్రుల సావాసం పడితే చెడిపోతారని పిల్లల్ని విడదీసి ఉంచడానిక్కూడా ఆ చట్టంలో వీలుంది. తల్లి సావాసంతో చెడిపోతారట పిల్లలు! ఈ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కాగితం మీంచి పోయింది. మా పెద్దమ్మ కిటికీ మాత్రం దిగుతూనే ఉంది. 1991లో ఆ ఊరి పేరు పెట్టి రెండు తెలుగు సినిమాలొచ్చాయి, పోలీస్ స్టేషన్ అని ఒకటి, దొంగలు అని ఒకటి. 1970లలోనే జాషువాగారి అమ్మాయి హేమలతా లవణంగారు, ఆవిడ భర్త లవణంగారు ఆ ఊరికి వెళ్ళి, వాళ్ళ మధ్య కూర్చుని, దొంగతనాలు మాన్పించడానికి, పిల్లల చదువులకి పాటుపడ్డారు. ఆ సంగతి మీద ఎవరూ సినిమా తీయలేదనుకుంటాను. తీసినా మా పెద్దమ్మ చూసేది కాదేమో.

ఇంతకీ దొంగలెవరు? 1939లో ఎడ్విన్ సదర్లాండ్ అనే అమెరికా ప్రొఫెసరు ఒక సభలో, నేరమంటే పేదవాడి జబ్బు అనుకుంటున్నాం గానీ, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుని చేసే నేరాల మాటేమిటి అన్నాడు. ఆ తరవాత 70 పెద్ద కంపెనీల మీద కోర్టులూ కమిషన్లూ ఇచ్చిన తీర్పులన్నీ పోగుచేసి 1949లో పుస్తకం వేశాడు. వేసేముందు ప్రకాశకులు భయపడి ఆ కంపెనీల పేర్లన్నీ తీయించేశారు. పరువునష్టం దావా పడుతుందని! ఆ పేర్లతో అచ్చు కావడానికి 1983 దాకా పట్టింది. చూశారా, ఒకచోట ఏ తప్పూ చేయకముందే ఊరికి ఊరు పేరు రాసేశారు. ఇంకొకచోట తప్పు రుజువైనా పేరు చెరిపేశారు.

ఇది చదివి నాకు ఉక్రోషమొచ్చింది. మరుక్షణంలో మా ఇల్లే గుర్తొచ్చింది. మా అబ్బాయికి రైల్లో రెండేళ్ళపాటు పదకొండేళ్ళే. టి.సి. వచ్చినప్పుడు వాడు కాళ్ళు ముడుచుకు కూర్చునేవాడు, పొడుగు తెలీకుండా. ఈ ఫ్లాటు కొన్నప్పుడు కాగితాల్లో ఒక ధర, చేతుల్లో ఒక ధర. మా వారి ఆఫీసు కాగితాల మీదే నేను రెండు నవలలు రాశాను. వీటిని మేం సర్దుబాట్లంటాం. ఇన్ని సర్దుబాట్లు చేసుకున్న మనిషిని, నేను ఆ పన్నెండేళ్ళ పిల్లని దుద్దు చూశావా అనడిగాను!

ఇదంతా చెబితే మా అత్తగారు ఊరుకుంటారా? "అయితే ఇంక దొంగని దొంగనకూడదన్నమాట! పింఛను డబ్బు తెచ్చుకుంటుంటే బస్సులో నా సంచీ కోసినవాణ్ణి ఏమనమంటావు, పాపం, సమాజం వాణ్ణలా చేసింది అనమంటావా?" అన్నారు. న్యాయమైన మాట. ఆ నెలంతా ఆవిడ మందుల్లేకుండా పడిన అవస్థ నేను చూశాను. పేదవాళ్ళలో చేతివాటం లేనివాళ్ళే ఎక్కువ. కష్టం ఉందని దొంగతనం ఒప్పయిపోదు. జ్వరమెందుకొచ్చిందో డాక్టరు కనుక్కుంటాడు, అంతమాత్రాన జ్వరం మంచిదంటాడా? కారణం తెలుసుకోవడం వేరు, క్షమించడం వేరు. సంచీ కోసినవాడి చేతిని పట్టుకుంటే దొంగే. కానీ పట్టుకోని చేతికి ఆ పేరెలా పెడతాం?

"మీ రోజుల్లో ఏమేమి తప్పులుండేవి నాయనమ్మా?" అని మా అమ్మాయి మాట మార్చింది.

ఆవిడకి హుషారొచ్చింది. "కోడలు వీధివైపు కిటికీలో నుంచుంటే తప్పు. గట్టిగా నవ్వితే తప్పు. నేను సైకిలు నేర్చుకుంటానంటే మా నాన్నగారు వారంరోజులు నాతో మాట్లాడలేదు."

ఈ ముక్కకీ వాళ్ళ పుస్తకంలో పండితుడున్నాడు. డర్క్‌హైం అని ఫ్రాన్సువాడు. 1895లోనే చెప్పాడు. అందరూ సాధువులే ఉన్న మఠంలో కూడా నేరాలుంటాయట, అక్కడ చిన్న పొరపాటే ఘోరంగా కనిపిస్తుందట. నిన్నటి నేరస్థుడు ఒక్కొక్కప్పుడు రేపటి దారి చూపిస్తాడని సోక్రటీసుని ఉదాహరణ చెప్పాడు. మనకి అంత దూరం పోనక్కర్లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఆ పెళ్ళిలో పాల్గొన్నవాళ్ళకి వెలి. ఆనాడు తప్పు చేసినవాళ్ళ పుణ్యమే ఈనాడు మనలో ఎంతమంది బతుకులో!

తొమ్మిదోనాడు, గాలికి ఆరేసిన పట్టుచీర మడత పెడుతుంటే చెంగు జరీపోగుల్లో ఏదో గుచ్చుకుంది. చూద్దును కదా, దుద్దు! ఆ రోజంతా అది నా భుజం మీదే ఉంది. పేరంటాళ్ళకి వాయినమిస్తున్నప్పుడూ నా భుజం మీదే. ఆ పిల్లని అడుగుతున్నప్పుడూ నా భుజం మీదే.

ఇప్పుడొచ్చింది చిక్కు. దొంగ అని ఉంటే, తప్పయిపోయింది, నువ్వు దొంగవి కావు అని చెప్పొచ్చు. నేనామాట అననేలేదే! అనని మాటని వెనక్కి తీసుకోవడం ఎలా? మనం మర్యాదస్తులం కదండీ, ముఖం మీద ఏమీ అనం. అందుకే మన తప్పులకి క్షమాపణ చెప్పుకునే వీలు కూడా ఉండదు.

అయినా వెళ్ళాను. వాళ్ళుండే గది వాకిట్లో నుంచుని, దుద్దు నా చీరలోనే దొరికిందమ్మా అన్నాను. తల్లి నా ముఖంలోకి చూడలేదు.

"మీరేమన్నారమ్మా, అడిగారు. ఎదురింటమ్మగారు బీరువాకి తాళం వేసుకున్నారు. కిందింటామె పిల్లని గుమ్మంలోనే ఆపేసింది. ఎవరూ ఏమన్లేదమ్మా. ఏమన్నా అంటే తిరిగి చెప్పుకుందును."

ఎదురింటావిడతో, కిందింటావిడతో నేనన్నది ఒక్కటే మాట, దుద్దు కనిపించటం లేదండీ అని. మిగతాది వాళ్ళకి వాళ్ళే అల్లుకున్నారు. నాకు అల్లుకున్నట్టే. ఆ పిల్ల లోపల గోడవైపు తిరిగి లెక్కలు చేసుకుంటోంది. పిలిస్తే వచ్చి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నుంచుంది. తప్పు నాదమ్మా అన్నాను. తలూపింది. ఏమర్థమైందో, ఎంత నమ్మిందో నాకు తెలీదు.

వస్తూ వస్తూ మా మెట్ల మీద ఇల్లిల్లూ ఆగి చెప్పాను. ఎదురింటావిడ నవ్వి, "దొరికిందా? పోన్లెండి. భయపడి మళ్ళీ తెచ్చి పెట్టేసుంటుంది" అంది. కాదండీ, నా చెంగులో ఉంది అన్నాను. "మీరు మరీ మంచివారు" అంది.

మా బిల్డింగులో ఈ పత్రిక నాలుగిళ్ళలో వేయించుకుంటారు. అందుకే ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. దుద్దు నా చీర చెంగులోనే ఉంది. మొదటినుంచీ అక్కడే ఉంది.